పేపర్ బంకులు, మూడో షరతు: ఒక మున్సిపల్ కేసు

మున్సిపాలిటీ పేపర్ బంకులు తీసేసినప్పుడు బంకుల వాళ్ల తరఫున వకీలుగా నేను నడిపిన కేసు ఇది. ఊరి పేరు, పత్రిక పేరు, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ చెప్పడం లేదు. బంకుల వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చట్టం ఏమంటుంది, ఏ దశలో ఏ దారి ఎంచుకున్నాం, ఎందుకు ఎంచుకున్నాం అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. మున్సిపల్ కేసులు చూసే జూనియర్లకు, వీధి వ్యాపారుల సంఘాలతో పనిచేసేవాళ్లకు, చిన్న పత్రికలు నడిపేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది.

నేపథ్యం

అదొక మధ్యస్థాయి మున్సిపాలిటీ. బస్టాండు, ప్రభుత్వాసుపత్రి, కోర్టులు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఇరవై పైచిలుకు పేపర్ బంకులు ఉండేవి. కొన్ని రెండో తరం చేతిలో నడుస్తున్నాయి. ఎక్కువ భాగం చక్రాల మీదో, ఇటుకల మీదో నిలబెట్టిన ఇనుప డబ్బాలు. నాలుగైదింటికి మాత్రం కింద సిమెంటు దిమ్మె పోసుకున్నారు. ఈ తేడా తర్వాత మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది.

పేపరు పాఠకుడికి ఎలా చేరుతుందో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. పెద్ద దినపత్రికలకు బంకు అమ్మకాలు కొసరు మాత్రమే. ఏజెంటు, సబ్ ఏజెంటు, పేపర్ బాయ్ ద్వారా వాటి కాపీలు తెల్లారేసరికి ఇళ్లకు చేరిపోతాయి. ఊళ్లో ఉన్న బంకులన్నీ మూసేసినా వాటికి పెద్దగా తేడా రాదు. చిన్న వారపత్రికకు ఆ ఏర్పాటు ఉండదు. చందాదారులు తక్కువ, ఇంటింటికీ వేయించే స్తోమత లేదు. బంకు ముందు తాడుకు వేలాడితేనే ఎవరైనా చూస్తారు, కొంటారు. కాబట్టి బంకుల మీద పెట్టే ఆంక్ష చూడ్డానికి అందరికీ ఒకటే అయినా దాని దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఆ ఊళ్లో అలాంటి వారపత్రిక ఒకటి ఉంది. డ్రైనేజీ కాంట్రాక్టుల మీద, మున్సిపల్ షాపు గదుల వేలం మీద అది కొన్ని నెలలుగా వరసగా రాస్తోంది.

అదే సమయంలో మున్సిపాలిటీ ఫుట్‌పాత్‌ల సుందరీకరణ చేపట్టింది. పాత బంకులు తీసేసి, ఒకే రంగు, ఒకే కొలత ఉన్న కియోస్కులు పెట్టి, అవి కావాలన్నవాళ్లకు అలాట్‌మెంట్ లెటర్ ఇస్తామంది. ఆ లెటర్‌లోని నాలుగు షరతుల చుట్టూనే కేసంతా తిరిగింది. మున్సిపాలిటీ చూపిన చోటే పెట్టుకోవాలన్నది మొదటిది. కియోస్కు బయట ఏదీ వేలాడదీయకూడదని, పోస్టర్లు అంటించకూడదని రెండోది. “అధికారులు ఆమోదించిన ప్రచురణలు” మాత్రమే అమ్మాలని మూడోది. అనుమతి పదకొండు నెలలే, కారణం చెప్పకుండా ఎప్పుడైనా రద్దు చేయవచ్చన్నది నాలుగోది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఒకరోజు పొద్దున్నే మున్సిపల్ సిబ్బంది ట్రాక్టరుతో వచ్చి ఐదు బంకులు ఎత్తుకుపోయారు. లోపలున్న పేపర్లు, పత్రికలు కూడా పోయాయి. పంచనామా లేదు, ఏమేం తీసుకెళ్లారో రాసిన కాగితం లేదు, ముందస్తు నోటీసు లేదు. మిగతా బంకుల జోలికి ఆ రోజు రాలేదు. వారపత్రిక కాపీలు ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ ఐదింట్లోనేనని ఎడిటర్ లెక్క చూపించాడు. మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇంకో మాట చెప్పారు: “ఆ పేపర్ తీసేయండి, మీ జోలికి రాం” అని సిబ్బందిలో ఒకరు అన్నారట. ఆ మాటకు సాక్ష్యమూ లేదు, కాగితమూ లేదు.

ముందుగా వచ్చింది ఎడిటరే. చేతిలో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసు తీర్పు ప్రింటవుట్ పట్టుకొచ్చాడు. ఢిల్లీలో ఆ పత్రిక భవనానికి ఇచ్చిన స్వాధీనం నోటీసును, కూల్చివేత నోటీసును 1985లో సుప్రీంకోర్టు కొట్టేసిన కేసు అది. “అచ్చం మాదే సార్” అన్నాడు. నిజానికి రెండింటికీ చాలా దూరం. అక్కడ భవనం పత్రికదే, నోటీసులూ పత్రిక పేరు మీదే వచ్చాయి, దురుద్దేశం గురించి వ్యక్తుల పేర్లు, సంఘటనలు, తేదీలతో సహా అఫిడవిట్‌లో రాసి పెట్టారు. ఇక్కడ పత్రిక పేరుతో ఒక్క కాగితమూ లేదు. దురుద్దేశం ఉందని రాయాలంటే ఏ అధికారి, ఎప్పుడు, ఏం చేశాడో రాసి, ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. ఊరికే “కక్షతో చేశారు” అంటే ఏ కోర్టూ పట్టించుకోదు.

క్లయింటు ఎవరు?

మొదట తేల్చుకోవలసి వచ్చింది ఇదే. ఎడిటర్‌కు కావాల్సింది పత్రికా స్వేచ్ఛ మీద తీర్పు. బంకుల వాళ్లకు కావాల్సింది డబ్బా వెనక్కి రావడం, అదీ వీలైనంత త్వరగా. ఇద్దరిదీ ఒకే బాధలా కనిపిస్తుంది గానీ కాదు. రేపు మున్సిపాలిటీ వాళ్లు పిలిచి, “ఆ వారపత్రిక పెట్టకండి, మీ బంకు మీకిచ్చేస్తాం” అన్నారనుకుందాం. బంకు అతనికి అది ఒప్పుకోదగ్గ బేరమే కావచ్చు. ఎడిటర్‌కు అది ఓటమి. ఆ క్షణంలో ఇద్దరి వకాల్తా ఒకే వకీలు చేతిలో ఉంటే ఎవరికో ఒకరికి అన్యాయం తప్పదు. అందుకే బంకుల వాళ్ల కేసు తీసుకుని, ఎడిటర్‌ను వేరే వకీలు దగ్గరికి పంపాను. ఎడిటర్ నొచ్చుకున్నాడు. రెండు పిటిషన్లు విడివిడిగా వేసినా విచారణ ఒకేచోట జరిగేలా అడుగుదామని రెండు వైపులా ఒప్పుకున్నాం.

బంకుల వాళ్లలో వయసులో పెద్దాయన ఒక మాట అన్నాడు. “మేం ఏ పేపర్ తరఫునా కాదు సార్. వచ్చినోడు ఏదడిగితే అదిస్తాం.” ఆ వాక్యాన్ని దాదాపు అలాగే అఫిడవిట్‌లో పెట్టాను. పంపిణీదారుడి తటస్థత గురించి నేను రాయబోయిన రెండు పేరాల కంటే అదే నయం.

ఏ హక్కు కింద అడగాలి

రాజ్యాంగం 19(1)(ఎ) భావప్రకటన స్వేచ్ఛ, 19(1)(జి) వృత్తి, వ్యాపార స్వేచ్ఛ. పేపర్ బంకు రెండింటి కిందికీ వస్తుంది. ఏది ముందు పెడతామన్న దాన్ని బట్టి కేసు గతి మారిపోతుంది.

పత్రికా స్వేచ్ఛ అంటే అచ్చు వేసుకునే స్వేచ్ఛ ఒక్కటే కాదని మన సుప్రీంకోర్టు మొదటి ఏడాదిలోనే చెప్పింది. 1950 మే 26న వచ్చిన రమేశ్ థాపర్ తీర్పు అది. బొంబాయిలో అచ్చయ్యే ‘క్రాస్ రోడ్స్’ అనే వారపత్రిక తన రాష్ట్రంలోకి రాకుండా, అమ్ముడుపోకుండా మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఆ నిషేధం మన బంకులకూ వర్తించింది. అచ్చును ఎవరూ ఆపలేదు, ఆపింది పంపిణీనే. పంపిణీ లేని ప్రచురణకు విలువే లేదని కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

దీనికి తోడు 1961 నాటి సకాల్ పేపర్స్ తీర్పు ఉంది. పత్రిక ధరకు, పేజీల సంఖ్యకు లంకె పెట్టిన చట్టం మీద వచ్చిన కేసు. ఇది వ్యాపార నియంత్రణే కదా, ప్రజాప్రయోజనం కోసం వ్యాపారం మీద ఆంక్షలు పెట్టవచ్చు కదా అని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. వ్యాపారం మీద 19(6) కింద ప్రజాప్రయోజనం పేరుతో ఆంక్షలు పెట్టవచ్చు. భావప్రకటన మీద మాత్రం 19(2)లో పేర్కొన్న కారణాలకే పెట్టాలి. దేశ భద్రత, శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం, కోర్టు ధిక్కారం లాంటివే ఆ జాబితాలో ఉన్నాయి. ఫుట్‌పాత్ అందం అందులో లేదు, ట్రాఫిక్కూ లేదు.

ఇంత బలమైన తీర్పులుండగా 19(1)(ఎ) పట్టుకుని ముందుకెళ్లక ఆలోచన దేనికి అని జూనియర్లు అడుగుతారు. కారణం ఉంది. తీసేసింది బంకును, పత్రికను కాదు. పేపరు అమ్మే హక్కు ఉంటే ఫలానా మూలలోనే అమ్మే హక్కు ఉన్నట్టు కాదు. వీధి వ్యాపారం 19(1)(జి) కింద హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, ఫుట్‌పాత్ మీద ఫలానా చోటును శాశ్వతంగా పట్టుకునే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. బంకు స్థలాన్ని పత్రికా స్వేచ్ఛగా చూపిస్తే జడ్జి నుంచి వచ్చే మొదటి ప్రశ్న మనల్ని అక్కడే కూలుస్తుంది. అలాగని పూర్తిగా వీధి వ్యాపారి కేసుగా నడిపితే ఇంకో చిక్కు. నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం ఇంకో చోటు చూపించి, ఆ మూడో షరతును అలాగే ఉంచేయవచ్చు. అప్పుడు గెలిచినట్టు కనిపిస్తుంది, ఏ పత్రిక అమ్మాలో చెప్పే అధికారం మాత్రం ఆఫీసులోనే ఉండిపోతుంది.

అందుకే ఉత్తర్వును ఒక్క ముక్కగా సవాలు చేయకుండా షరతు షరతుకూ విడదీశాం. స్థలం, తొలగింపు, స్వాధీనం మీద 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం, 19(1)(జి). ఏం అమ్మాలన్న మూడో షరతు మీద, కారణం లేని రద్దు మీద 19(1)(ఎ). పోస్టర్ల షరతును ఎక్కడ పెట్టాలో అప్పటికి తేలలేదు.

పనిచేయనివి

మేము రాకముందే రెండు ప్రయత్నాలు జరిగిపోయాయి. జర్నలిస్టు సంఘం వినతిపత్రం ఇచ్చింది, ఫొటో దిగింది. వారపత్రిక మొదటి పేజీ నిండా మున్సిపాలిటీని తిట్టిపోసింది. వినతిపత్రం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. మొదటి పేజీ మాత్రం నష్టమే చేసింది. “ఈ పత్రికకు మా మీద కక్ష, బంకుల వాళ్లను ముందు పెట్టి నడిపిస్తోంది” అని కౌంటర్‌లో, అంటే కోర్టుకిచ్చే జవాబు అఫిడవిట్‌లో, రాసుకోవడానికి మున్సిపాలిటీకి ఒక ఎగ్జిబిట్ దొరికింది.

తర్వాత మేము కమిషనర్‌కు రాతపూర్వకంగా విజ్ఞప్తి పంపాం. 2014 చట్టం సెక్షన్ 3(3) ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, వెండింగ్ సర్టిఫికెట్లు (అమ్ముకునే అనుమతి పత్రాలు) ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. సెక్షన్ 18 ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల విషయాలు చూడ్డానికి ఆ చట్టం కింద ఏర్పడే కమిటీ) సిఫారసు ఉంటేనే వేరే చోటికి మార్చవచ్చు, అదీ 30 రోజుల నోటీసు ఇచ్చాకే. సెక్షన్ 19 ప్రకారం స్వాధీనం చేసుకున్న సరుకుకు జాబితా ఇవ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఆ సెక్షన్ రాసినవాళ్లు కూరగాయలు, పండ్లు దృష్టిలో పెట్టుకుని ఉంటారు. నిన్నటి దినపత్రిక కూడా ఒక విధంగా పాడైపోయిన సరుకేనని మేము రాశాం. ఆ వాదన మీద కోర్టు ఏమీ చెప్పలేదు గానీ నాకు ఇప్పటికీ అది సరైందే అనిపిస్తుంది. అమ్ముడుపోని కాపీలను వెనక్కిచ్చే (రిటర్నుల) గడువు దాటిపోయిన కాపీలకు డబ్బు కట్టాల్సింది బంకు అతనే.

జవాబు ఒక్క పేరాలో వచ్చింది. ఇవి వీధి వ్యాపారాలు కావు, శాశ్వత కట్టడాలు, కాబట్టి ఆక్రమణలు. చట్టం వీధి వ్యాపారి అంటే తాత్కాలిక కట్టడం నుంచి అమ్మేవాళ్లు, తిరుగుతూ అమ్మేవాళ్లు అంటుంది. సిమెంటు దిమ్మెలు ఇక్కడ మా మెడకు చుట్టుకున్నాయి. అందరినీ ఒకే పిటిషన్‌లో పెడితే ఆ నాలుగైదు దిమ్మెల ఫొటోలు చూపించి అందరినీ ఆక్రమణదారులనే వీలుంది. అందుకే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సర్వేలో పేరు నమోదై, గుర్తింపు కార్డు ఉండి, డబ్బా కింద దిమ్మె లేనివాళ్లతోనే మొదటి పిటిషన్ వేశాం. దిమ్మెలున్నవాళ్లు రెండో విడతలో వచ్చారు. సంఘంలో దీని మీద గొడవే జరిగింది. “మమ్మల్ని వదిలేస్తున్నారా” అన్నారు. అప్పటికి వాళ్లకు సర్దిచెప్పడం కోర్టులో వాదించడం కంటే కష్టమైంది.

లంచ్ మోషన్‌లో, అంటే అదే రోజు వినమని వేసే అత్యవసర పిటిషన్‌లో, సగమే దక్కింది. సరుకు జాబితాతో సహా తిరిగివ్వమని కోర్టు ఆదేశించింది, మిగతా బంకుల జోలికి నోటీసు లేకుండా వెళ్లొద్దంది. తీసేసిన ఐదింటినీ పాత చోటనే పెట్టించమంటే మాత్రం ఒప్పుకోలేదు. కియోస్కులు సిద్ధంగా ఉన్నాయి, ఇది తొలగింపు కాదు, మార్పు మాత్రమేనని మున్సిపాలిటీ తరఫు వకీలు (స్టాండింగ్ కౌన్సిల్) చెప్పారు. ఎడిటర్ పిటిషన్ ఇంకా ఇబ్బందిలో పడింది. “ఏ పత్రికను నిషేధించారు? ఆ ఉత్తర్వు ఎక్కడ?” అని జడ్జి అడిగారు. సిబ్బంది నోటి మాటగా బెదిరించారని చెప్పినప్పుడు, విన్నవాళ్ల అఫిడవిట్ ఏదన్నారు. ఆ మాట విన్న బంకుల వాళ్లు ప్రమాణం చేసి రాయడానికి సిద్ధంగా లేరు. అదే ఊళ్లో, అదే సిబ్బంది ముందు మర్నాడు పొద్దున బంకు తెరవాలి. వాళ్లను బలవంతపెట్టడం ధర్మం కాదని మా వైపు వకీళ్లంతా ఒకే మాట మీద ఉన్నాం. ఉద్దేశం నిరూపించి గెలిచే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఫైలులో దొరికింది

సమాచార హక్కు దరఖాస్తు అప్పటికే వేసి ఉంచాం. అందులో “ఎందుకు చేశారు” అని ఒక్క ప్రశ్నా పెట్టలేదు. ఎందుకు అని అడిగితే, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. కౌన్సిల్ తీర్మానం, అలాట్‌మెంట్ లెటర్ నమూనా తయారైన ఫైలు, అందులో అధికారులు రాసిన నోటింగ్స్, టౌన్ వెండింగ్ కమిటీ మినిట్స్, స్వాధీనం రిజిస్టరు. ఇవే అడిగాం, కాపీలుగా.

కమిటీ మినిట్స్‌లో బంకుల తరలింపు ప్రస్తావనే లేదు. సెక్షన్ 18 మీద మా వాదనకు అది సరిపోయింది. అసలు విషయం నమూనా ఫైలులో ఉంది. కౌన్సిల్ తీర్మానంలో ఫుట్‌పాత్ వెడల్పు, కియోస్కు కొలతలు, రంగు తప్ప ఇంకేమీ లేవు. మూడో షరతు కౌన్సిల్ ముందుకే రాలేదు. అది ఆఫీసులో చేరింది. ఎలా చేరిందంటే, మున్సిపల్ షాపు గదుల లీజు పత్రంలో “అధికారులు ఆమోదించిన వస్తువులు మాత్రమే అమ్మాలి” అనే వాక్యం ఉంది. మంటలంటుకునే సరుకు పెట్టకుండా వేసిన పాత షరతు అది. కియోస్కుల లెటర్ తయారుచేసినవాళ్లు ఆ లీజు పత్రాన్ని ముందు పెట్టుకుని, అందులో వస్తువులు అన్నచోట ప్రచురణలు అని మార్చేశారు.

ఈ కాగితం చూసి ఎడిటర్ నిరాశపడ్డాడు. కుట్ర దొరుకుతుందనుకుంటే గుమాస్తా పనితనం దొరికింది. నాకు మాత్రం కేసు అక్కడే తేలికైంది. ఇక ఎవరి మనసులో ఏముందో నిరూపించాల్సిన పని లేదు. ఆ వాక్యం ఏ ఉద్దేశంతో పుట్టినా, అది చేతిలో ఉన్న అధికారి రేపు ఏ పత్రికనైనా ఆపగలడు. ఆమోదించడానికి కొలమానం లేదు, గడువు లేదు, కాదంటే అప్పీలు లేదు. దానికి నాలుగో షరతు తోడైతే కాగితం మీద ఏమీ రాయకుండానే పని జరిగిపోతుంది. “ఆ పేపర్ తీసేయండి” అని ఎవరైనా నిజంగా అన్నారో లేదో గానీ, ఆ మాటకు బలమిచ్చేవి ఈ రెండు షరతులే.

కోర్టులో నిలబడిన వాదన

పిటిషన్‌ను సవరించి ఈ రెండు షరతులను ముందుకు తెచ్చాం. ఉద్దేశం అక్కర్లేదు, ప్రత్యక్ష ఫలితం ఏమిటో చూడాలని చెప్పడానికి బెనెట్ కోల్‌మన్ కేసు ఉంది. 1972-73 న్యూస్‌ప్రింట్ విధానంలో పేజీలకు పెట్టిన పది పేజీల పరిమితిని సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ తర్కంతోనే. ప్రభుత్వం చెప్పింది కాగితం కొరత గురించి, దెబ్బ తగిలింది పత్రికల పేజీలకు.

అదుపు లేని విచక్షణాధికారం గురించి అమెరికా తీర్పులు రెండు చూపించాం. 1938లో లోవెల్ కేసు: జార్జియా రాష్ట్రంలోని గ్రిఫిన్ అనే పట్టణంలో కరపత్రమైనా, మరేదైనా పంచాలంటే సిటీ మేనేజర్ రాతపూర్వక అనుమతి కావాలన్న నిబంధన చెల్లదన్నారు. 1988లో లేక్‌వుడ్ కేసు: ఒహాయోలోని ఆ పట్టణంలో ఫుట్‌పాత్ మీద పేపర్ పెట్టెలకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మేయర్ ఇష్టానికి వదిలేశారు. మేయర్ నిజంగా పక్షపాతం చూపాడా అని కోర్టు అడగలేదు. అలాంటి అధికారం ఉందని తెలిస్తే చాలు, పత్రిక తనంతట తానే నోరు కట్టేసుకుంటుందని చెప్పింది. ఆ తీర్పు నాలుగు, మూడుగా చీలిందని, భిన్నాభిప్రాయం చెప్పినవాళ్లు ఉన్నారని నేనే ముందుగా చెప్పేశాను. విదేశీ తీర్పు మన కోర్టును కట్టిపడేయదు. దానికి ఉన్న లోపం ఎదుటి వకీలు నోటి నుంచి వచ్చే కంటే మన నోటి నుంచి రావడం మంచిది.

కౌంటర్‌లో మున్సిపాలిటీ కొత్త కారణం చెప్పింది: అశ్లీల ప్రచురణలు బస్టాండులో అమ్మకుండా చూడ్డానికే మూడో షరతు పెట్టారట. వినడానికి బాగుంది, పైగా సభ్యత అన్నది 19(2)లో ఉన్న కారణమే. దీనికి రెండు జవాబులు ఇచ్చాం. ఒక ఉత్తర్వు నిలబడాలంటే అందులో రాసిన కారణాలతోనే నిలబడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్తవి చేర్చి నిలబెట్టకూడదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ తీర్పు చెప్పింది. ఫైలులో అశ్లీలం అన్న మాటే లేదు. రెండోది, అశ్లీల సాహిత్యం అమ్మితే శిక్షించడానికి నేర చట్టంలోనే సెక్షన్ ఉంది. ఒక నేరాన్ని ఆపడానికి అన్ని పత్రికలకూ ముందస్తు ఆమోదం పెట్టడం అవసరానికి మించిన పని.

పోస్టర్ల షరతు మీద చాలా చర్చించుకున్నాం. కొట్టేయమని అడగకూడదనే నిర్ణయించుకున్నాం. బంకు బయట ఎంత మేర వేలాడదీయవచ్చు, నడిచేవాళ్లకు ఎంత దారి వదలాలి అని నిర్ణయించే అధికారం మున్సిపాలిటీకి ఉండాలి. చూపులేనివాళ్లు, వీల్‌చైర్ వాడేవాళ్లు ఆ ఫుట్‌పాత్ మీదే వెళ్లాలి. ఆ నియమం ఏ పత్రిక అన్న తేడా చూడనంత కాలం నాకూ అభ్యంతరం లేదు. మేము అడిగింది ఒక్కటే: అందం కోసమైతే అందరికీ వర్తించాలి. బంకుకు అంటించిన పత్రిక హెడింగ్ షీటు ఫుట్‌పాత్‌ను పాడుచేస్తుందంటున్నారు, దాని పక్కనే స్తంభానికి స్తంభానికి మధ్య నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ ఫొటో పిటిషన్‌లో పెట్టాం. దానికి తోడు అమెరికాలోని సిన్సినాటి నగరం మీద 1993లో వచ్చిన తీర్పు: ఫుట్‌పాత్‌ల మీద 1,500 నుంచి 2,000 దాకా పేపర్ పెట్టెలుండగా వ్యాపార ప్రకటనల పత్రికలవి 62 తీసేస్తే ఊరి అందం ఏం పెరుగుతుందని ఆ కోర్టు ప్రశ్నించింది. మన జడ్జి ఆ అమెరికా తీర్పు సంగతి పెద్దగా అడగలేదు. ఫొటో మాత్రం రెండుసార్లు చూశారు.

ఫలితం

మూడో షరతు తీసేస్తామని, రద్దు చేయాలంటే కారణంతో నోటీసు ఇచ్చి జవాబు వింటామని మున్సిపాలిటీయే కోర్టుకు రాసిచ్చింది. దాన్ని నమోదు చేసుకుని, బంకుల స్థలం విషయం టౌన్ వెండింగ్ కమిటీ ముందు పెట్టి, చట్ట ప్రకారం నోటీసు ఇచ్చి తేల్చమని కోర్టు ఆదేశించింది. షరతు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు రాయించుకోవాలా, రాసిచ్చిన హామీతో సరిపెట్టుకోవాలా అన్నది చివరి నిర్ణయం. తీర్పు వస్తే రాష్ట్రంలో ఇంకో ఊరికీ ఉపయోగపడుతుంది. కానీ అప్పీలుకు పోతే బంకులు ఎన్నాళ్లు రోడ్డున పడతాయో చెప్పలేం. క్లయింట్లు బంకుల వాళ్లు. వాళ్లు హామీ చాలన్నారు, దాంతో ఆగిపోయాం. ఎడిటర్ పిటిషన్‌ను ఇక ఉత్తర్వులు అవసరం లేదని ముగించారు. ఆయనకు అది నచ్చలేదు, నచ్చాలని నేనూ అనుకోను.

కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలని చట్టం చెబుతుంది. కోర్టు ఆదేశం తర్వాత జరిగిన సమావేశంలో వాళ్లు గట్టిగానే మాట్లాడారు. కియోస్కుల చోట్లు లాటరీ తీసి ఇచ్చారు. బస్టాండు వాళ్లకు మునుపటి కంటే మంచి చోటే దక్కింది. ఆసుపత్రి గేటు దగ్గరి మూల మాత్రం పోయింది, అంబులెన్సుల దారికి అడ్డమన్న కారణం సబబే కాబట్టి మేము పోట్లాడలేదు. దిమ్మెలున్నవాళ్లు దిమ్మెలు పగలగొట్టించి లాటరీలో చేరారు.

వారపత్రిక కొన్ని కియోస్కుల్లో కనిపిస్తోంది, కొన్నింట్లో లేదు. పెట్టనివాళ్లను ఎవరూ ఆపడం లేదు. ఈ గొడవ మాకెందుకులే అని వాళ్లే మానుకున్నారు. ఏ కోర్టు ఉత్తర్వూ దాన్ని మార్చలేదు.

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే

తొలగింపు ఫొటోల కంటే ముందు అలాట్‌మెంట్ లెటర్ అడుగుతాను. లెటర్ వెనకపేజీ కూడా. అసలు ఆంక్ష ఎప్పుడూ షరతుల్లోనే ఉంటుంది, ట్రాక్టరు దాని తర్వాత వచ్చేది. ఆ షరతు కౌన్సిల్ తీర్మానంలో ఉందా, ఆఫీసులో పుట్టిందా అన్నది రెండో ప్రశ్న. ఆఫీసులో పుట్టిందైతే, సమర్థించుకోవడం వాళ్లకే కష్టం. సమాచార హక్కు దరఖాస్తు మొదటి రోజే వేయాలి. దానికి 30 రోజుల గడువుంది, కోర్టు తేదీలు దానికోసం ఆగవు.

పత్రికా స్వేచ్ఛ అన్న మాటను పిటిషన్‌లో ప్రతి పేరాలో వాడకూడదని నా అభిప్రాయం. ఎక్కడ ఒక అధికారి ఏ పత్రిక అమ్మాలో, ఏది వద్దో తేల్చగలడో అక్కడే దాన్ని పెట్టాలి. స్థలం, కొలత, నోటీసు లాంటివన్నీ వీధి వ్యాపారుల చట్టంతోనే బాగా తేలతాయి. బంకుల వాళ్ల చేత బెదిరింపుల గురించి అఫిడవిట్ రాయించే ముందు, కేసు ముగిశాక వాళ్లు ఎక్కడ నిలబడాలో ఒకసారి ఆలోచించాలి. ఆ అఫిడవిట్ లేకుండా గెలిచే దారి వెతకడం వకీలు బాధ్యత.

ఒక బంకు సంగతి మాత్రం ఈ కేసుతో తేలలేదు. అది రైల్వే స్టేషన్ ముందు, రైల్వే స్థలంలో ఉంది. రైల్వే స్థలాలకు 2014 చట్టం వర్తించదని సెక్షన్ 1(4) చెబుతోంది. మున్సిపాలిటీకి ఆ స్థలం మీద అధికారం లేదు కాబట్టి తీసుకెళ్లిన డబ్బా తిరిగి తెచ్చిపెట్టారు. అక్కడ ఉండనివ్వాలా వద్దా అన్నది రైల్వే వాళ్ల చేతిలో ఉంది, వాళ్ల లైసెన్సు షరతులు వేరు. ఆ లైసెన్సు కాపీ తెప్పించాం. అందులోనూ ఏం అమ్మవచ్చో చెప్పే క్లాజు ఒకటి ఉంది, దాని మీద వేరే విజ్ఞప్తి పెట్టాం.